కదలని కారుకూ వయస్సు వస్తుంది

మన కుటుంబాలలో కారు వయస్సును మైళ్ళలో చెప్పుకోవడం ఆనవాయితీ. లక్షన్నర మైళ్ళు తిరిగిందంటే వార్ధక్యం వచ్చినట్లు, ఇరవైవేలే తిరిగిందంటే ఇంకా నిగనిగలాడే ప్రాయంలో ఉన్నట్లు లెక్క. రోజూ రోడ్డెక్కే కారుకు ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. కదలకుండా పడివున్న కారు విషయంలో మాత్రం ఇది మనలను పూర్తిగా పక్కదారి పట్టిస్తుంది. వేసవిలో ఆరేడు వారాలు స్వదేశానికి వెళ్ళివచ్చేసరికి, గరాజులో భద్రంగా పెట్టిన కారు మూలుగుతూ లేచి, వణుకుతూ నడిచి, దారిలో దగ్గడం చాలామందికి అనుభవమే. "అసలు వాడనేలేదు కదా, ఎందుకు చెడింది?" అని ఆశ్చర్యపోతాం. వాడకపోవడం వల్లనే చెడిందన్నది నా సమాధానం. ఇటువంటి కారుకు చికిత్స చేసేటప్పుడు ఏ భాగం మార్చాలి అన్న ప్రశ్న తరువాత సంగతి. అది ఎంతకాలం, ఎక్కడ, ఏ స్థితిలో నిలిచివుంది అన్నది ముందు తేలాలి. ఈ చరిత్ర చెప్పకుండా తాళంచెవి మెకానిక్కు చేతిలో పెట్టే యజమాని, అవసరం లేని విడిభాగాలకు వందల డాలర్లు సమర్పించుకుంటాడు.

ఈ సమస్య ఒక్కసారిగా ఎన్నో ఇళ్ళ తలుపు తట్టినది 2020లో. ఆ ఏడు మార్చి 23 నుండి భారతదేశం అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను ఆపివేసింది. వీసా ముద్రలు వేసే కాన్సులేట్లు మూతబడ్డాయి. చెల్లుబడి అయ్యే వీసా లేకుండా దేశం వెలుపల ఉన్న హెచ్-1బి ఉద్యోగులకు జూన్‌లో వెలువడిన అధ్యక్ష ప్రకటన దారి మూసింది. ప్రత్యేక విమానాలు నడిచినా, మామూలు సర్వీసులు తిరిగి మొదలైనది 2022 మార్చి 27న. పెళ్ళికో, తల్లిదండ్రులను చూడడానికో పదిరోజులకని వెళ్ళినవారు నెలల తరబడి అక్కడే చిక్కుపడ్డారు. వారి కార్లు అపార్టుమెంటు ఆవరణలలోనూ, విమానాశ్రయాల పార్కింగులలోనూ ఎండకూ మంచుకూ నిలిచిపోయాయి. ఇక్కడే ఉండి ఇంటినుండి ఉద్యోగం చేసినవారి కార్లదీ ఇంచుమించు అదే గతి. ఆ రోజుల్లో మిత్రులు అడిగిన ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

మన పల్లెల్లో దుక్కి లేని రోజుల్లో కూడా ఎద్దుకు మేత వేస్తారు, కడుగుతారు, నాలుగడుగులు నడిపిస్తారు. కట్టుకొయ్యకు కట్టేసి రెండు నెలలు ఊరు వెళ్ళరు. యంత్రానికి ప్రాణం లేదు గనుక దానికి ఈ బాధ లేదనుకుంటాం. ఇనుము అలసిపోదు, నిజమే. కాని కారు కేవలం ఇనుము కాదు. అందులో ఆమ్లం ఉంది, పెట్రోలు ఉంది, రబ్బరు ఉంది, గాలిలోని తేమ ఉంది. ఇవేవీ మన సెలవులను పాటించవు.

మొదటి అనుమానం ఎప్పుడూ బ్యాటరీ మీదకే పోవాలి. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తోన్ ప్లాంతే రూపొందించిన సీసపు ఘటానికి వారసురాలే ఈనాటికీ చాలా కార్లలో ఉన్నది. సీసపు పలక ఒకటి, సీసపు డయాక్సైడు పలక ఒకటి, వాటి మధ్య గంధకికామ్లం. ఇటువంటి ఘటాలు ఆరింటిని వరుసగా కలిపితే నిండుగా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు వస్తాయి. విద్యుత్తు ఖర్చయ్యేకొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలచబడి నీళ్ళవుతుంది. వెంటనే తిరిగి ఛార్జి చేస్తే ఆ సల్ఫేటు కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే దాని స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. పలకలో ఆ మేరకు శాశ్వతంగా పని చచ్చిపోతుంది.

కారు ఆపివేశాము కదా, విద్యుత్తు ఎక్కడ ఖర్చవుతుందని అడగవచ్చు. దొంగల గంట, తాళంచెవి సంకేతం కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే రిసీవరు, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి, ఇవన్నీ నిద్రపోకుండా కాస్త కాస్త త్రాగుతూనే ఉంటాయి. ఈ చిల్లర ఖర్చు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సాధారణమనే అంటారు. ఆ 50నే తీసుకుని లెక్క వేద్దాం. రోజుకు 24 గంటలు, అంటే రోజుకు 1.2 ఆంపియర్-గంటలు. ఆరువారాలకు, అంటే 42 రోజులకు, దాదాపు 50. మామూలు కారు బ్యాటరీ సామర్థ్యం సుమారు 60. విమానం దిగి వచ్చేసరికి మిగిలేది పది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెతకు ఇంతకంటె మంచి అంకగణితం నాకు కనిపించలేదు. పైగా ఇది ఏ లోపమూ లేని కారు సంగతి.

చలి ప్రదేశాలలో ఇంకొక ప్రమాదం ఉంది. నిండు బ్యాటరీలోని ఆమ్లం మిన్నెసోటా చలికి కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో ఉన్నది దాదాపు నీరే గనుక ఫారెన్‌హీట్ 20 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకడుతుంది. పక్కలు ఉబ్బిన బ్యాటరీకి పొరుగువారి కారునుండి తీగలు తగిలించి లేపబోవడం ప్రాణాపాయం. ఉబ్బు లేకపోయినా నల్లతీగ చివరి కొసను బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇంజను లోహానికి తగిలించమని చెప్పడానికి కారణం ఉంది: బ్యాటరీ పైభాగాన ఉదజని వాయువు ఉండవచ్చు, నిప్పురవ్వ దానికి చాలు.

ఇరవై డాలర్ల లోపు దొరికే వోల్టు మీటరు ప్రతి ఇంటా ఉండవలసిన వస్తువు. జ్వరమాని కొనుక్కున్న ఇంట్లో దీనికి చోటు లేకపోదు. రాత్రంతా కదలని కారులో 12.6 చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు, 12.4 అయితే ముప్పాతిక. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తూండగా సాధారణంగా 14కు అటూ ఇటూ చూపాలి. అలా చూపకపోతే ఆల్టర్నేటరు సంగతి చూడాలి.

అయితే కారు లేచింది గాని సరిగా నడవడం లేదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గడగడలాడుతున్నది. ఇక్కడ కూడా చాలాసార్లు బ్యాటరీయే దోషి, కాని పరోక్షంగా. ఇంజను కంప్యూటరు మన డ్రైవింగును, ఇంజను అరుగుదలను గమనించి, గాలి-పెట్రోలు పాళ్ళను చిన్న చిన్న సవరణలతో నేర్చుకుని ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా, తీసివేసి తిరిగి పెట్టినా చాలా కార్లలో ఆ చదువంతా తుడిచిపెట్టుకు పోతుంది. మళ్ళీ నేర్చుకునేదాకా కొన్ని మైళ్ళో, ఒకటి రెండు రోజులో తడబడుతుంది. ఈ తడబాటును చూసి మొదటిరోజే స్పార్కు ప్లగ్గులు, కాయిళ్ళు మార్పించడం తొందరపాటు.

1996 మోడలు నుండి ఈ దేశంలో అమ్మే కార్లన్నింటికీ ఒకే తీరు రోగనిర్ణయ వ్యవస్థ ఉండాలని నియమం వచ్చింది. స్టీరింగు క్రింద ఉండే సాకెట్టులో చిన్న పరికరం పెడితే కారు తన బాధను సంకేతాలలో చెబుతుంది. పి 0300 అంటే సిలిండర్లలో మంట అక్కడక్కడ తప్పుతున్నదని. పి 0171 అంటే ఒక వరుస సిలిండర్లకు గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని. పెద్ద విడిభాగాల దుకాణాలు చాలావరకు దీనిని ఉచితంగానే చదివిపెడతాయి. కాని సంకేతం చెప్పేది లక్షణాన్ని మాత్రమే. జ్వరం ఉందని చెప్పిన జ్వరమాని మలేరియానో టైఫాయిడో చెప్పదు. పి 0171 కనిపించగానే ఆక్సిజన్ సెన్సరు మార్చేవారున్నారు. ఎలుక కొరికిన రబ్బరు గొట్టంలోనుండి గాలి దూరినా అదే సంకేతం వస్తుంది. ఇంకొక విషయం. బ్యాటరీ నీరసించి వోల్టులు పడిపోయినప్పుడు ఒకదానితో ఒకటి సంబంధం లేని అరడజను సంకేతాలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. వాటిని వ్రాసిపెట్టుకుని, బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, సంకేతాలు చెరిపివేసి, నాలుగు రోజులు నడిపి, ఏవి తిరిగివచ్చాయో చూడాలి. తిరిగివచ్చినవే నిజమైనవి. కాలిఫోర్నియా వంటి పొగ పరీక్షలున్న రాష్ట్రాలవారు ఈ చెరిపివేతను పరీక్షకు ముందురోజు చేయకూడదు. కంప్యూటరు తన సొంత తనిఖీలు పూర్తిచేసుకోలేదని కారును వెనక్కు పంపుతారు.

ఇక పెట్రోలు. అది ఒకే పదార్థం కాదు; నాలుగు మొదలు పన్నెండు వరకు కర్బన పరమాణువులున్న ఎన్నో ఉదకర్బనాల మిశ్రమం. తేలికైన అణువులు చల్లని ఇంజనులో మొదట ఆవిరై మంటను అందుకుంటాయి. నిలవ ఉన్నప్పుడు ముందుగా ఎగిరిపోయేవి కూడా అవే. మిగిలిన వాటిలో కొన్ని ఆమ్లజనితో మెల్లగా కలిసి జిగురుగా మారి, ఇంధనాన్ని చిమ్మే సన్నని రంధ్రాలను పూడుస్తాయి. పైగా ఈనాడు ఇక్కడి పంపులలో పోసే పెట్రోలులో సాధారణంగా పదోవంతు వరకు మొక్కజొన్నతో కాచిన సారాయి, అంటే ఇథైల్ ఆల్కహాలు, ఉంటుంది. దానికి తేమ అంటే మక్కువ. తేమ మితిమీరితే నీరూ సారాయీ కలిసి పెట్రోలునుండి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు తోడేది అడుగునుండే కదా! అటువంటి కారు లేవడమే కష్టం. లేచినా నత్తి మాటలే.

ఈ భయాన్ని అతిగా పెంచుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఏప్రిల్‌లో గడ్డికోత యంత్రం త్రాడును చేయి నొప్పి పుట్టేదాకా లాగినవారు కారు ట్యాంకును గూర్చి కూడా అంతే బెంగపడతారు. గడ్డికోత యంత్రపు ట్యాంకు గాలికి తెరుచుకునే ఉంటుంది. కారు ట్యాంకు మూసివున్న వ్యవస్థ. దాని ఆవిరి బొగ్గు నింపిన ఒక డబ్బాలో చిక్కుకుంటుంది గాని బయటికి పోదు. అందుచేత నా లెక్క ఇది. మూడు నెలల లోపు నిలిచిన కారులో పెట్రోలును అనుమానించనక్కరలేదు. ఆరు నెలలు దాటితే అనుమానించాలి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే కొత్తది నింపి నడిపిచూడాలి. ఏడాది దాటి, మూత తీయగానే వార్నిషు వాసన వేస్తే తీయించివేయాలి. మన లారీ డ్రైవర్లు చేసినట్లు గొట్టం నోట పెట్టి పీల్చే సాహసం వద్దు. ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే గతి. పెట్రోలును నిలవ ఉంచే మందు వెళ్ళేముందు పోయవలసినది. పోసి పది నిమిషాలు నడిపితే ఇంజనుదాకా చేరుతుంది. వచ్చాక పోస్తే పాడైన పెట్రోలుకు ప్రాణం రాదు.

ఎలుకల సంగతి మనవారు ఎవరూ నమ్మరు, హుడ్డు ఎత్తి చూసేదాకా. చలికాలంలో గాలి వడపోత పెట్టె వాటికి రాజభవనం. చింపిన దూది, గింజల పొట్టు అక్కడ కనిపిస్తే ఇంజను ఎందుకు ఊపిరాడక కొట్టుకుంటున్నదో వేరే చెప్పనవసరం లేదు. తీగల తొడుగులను కొరికితే ఒక సిలిండరు మూగపోతుంది. ఈ బాధకు హోండా కంపెనీ మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ కలిపిన టేపును తీగలకు చుట్టడానికి అమ్ముతున్నది, గుంటూరు వారిని సంప్రదించకుండానే! పరిహాసానికి అందని విషయం ఒకటుంది. 1993లో న్యూ మెక్సికో, ఆరిజోనా తదితర నాలుగు రాష్ట్రాలు కలిసే ప్రాంతంలో ప్రాణాలు తీసిన హంటావైరస్ ఎలుకల మలమూత్రాల ధూళి ద్వారా వ్యాపించేదే. గూటిని పొడిగా ఊడ్వరాదు, వ్యాక్యూమ్ చేయరాదు. చేతితొడుగులు వేసుకుని, బ్లీచి కలిపిన నీటితో తడిపి, నానిన తరువాత తుడిచివేయాలి. వెళ్ళిరాగానే పిల్లలను కారు తుడవమని పంపే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

టైర్లు, బ్రేకులు పెద్దగా చెప్పుకోదగినవి కావు. ఒకేచోట బరువు మోసిన టైరు అక్కడ కాస్త చదునై, పది ఇరవై మైళ్ళు వెచ్చబడేదాకా కారును వణికిస్తుంది. గాలి నిండుగా పెట్టి వెళితే ఇది తగ్గుతుంది. బ్రేకు పళ్ళెం మీది తుప్పు మొదటి కొద్ది ఆపులలో గరగరమని రాలిపోతుంది. కారు బరువుగా కదిలి, ఒక చక్రం మాత్రం కాలిపోయేంత వేడెక్కితే బ్రేకు పట్టుకుపోయిందన్నమాట, ఇక నడపకూడదు. వీధిలో నిలిపిన కారు లేవగానే ట్రాక్టరులా గర్జిస్తే యంత్రంలో వ్యాధి వెతకనక్కరలేదు: క్రిందికి వంగి చూస్తే కెటలిటిక్ కన్వర్టరును ఎవరో కోసుకుపోయి ఉంటారు. అందులోని పలాడియం, రోడియం కోసం 2020 తరువాత ఈ దొంగతనాలు విపరీతంగా పెరిగాయి.

ఇంజను దీపం నిలకడగా వెలిగితే నిదానంగా ఇంటికి చేరవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం వెంటనే ప్రక్కకు తీసి ఆపాలి. మండని పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతున్నదని దాని అర్థం. యాభై డాలర్ల కాయిల్‌తో పోయేది వేల డాలర్లకు పోతుంది.

నాకు అసలు కోపం వచ్చేది ఒక ఆచారం మీద. ఊరు వెళ్ళేముందు తాళాలు మిత్రునికి ఇచ్చి, "వారానికి ఒకసారి ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపెయ్యి బాబూ" అని అప్పగించిపోతాం. మిత్రుడు మొహమాటానికి ఒప్పుకుంటాడు. దీనివల్ల కారుకు మేలు కలగకపోగా కీడు జరుగుతుంది. గాలను పెట్రోలు మండితే పుట్టే నీరు దాదాపు ఒక గాలను ఉంటుంది. పూర్తిగా వేడెక్కిన ఇంజనునుండి అది ఆవిరిగా వెళ్ళిపోతుంది. ఐదు నిమిషాల్లో ఇంజను వేడెక్కదు. ఆ నీటిలో కొంత పొగగొట్టంలోనూ, నూనెలోనూ చేరి తుప్పుకు, మడ్డికి బీజం వేస్తుంది. చల్లని ఇంజనుకు ఎక్కువగా పోసిన పెట్రోలు కొంత సిలిండరు గోడల మీది నూనెను కడిగివేస్తుంది. స్టార్టు చేయడానికి ఖర్చయిన విద్యుత్తు కొంచెమే, అది ఐదు నిమిషాల్లో తిరిగిరావచ్చు. వారమంతా కారిపోయినది రాదు. నీరసించిన బ్యాటరీ నిండడానికి గంటలు కావాలి.

అన్నింటికంటె ఘోరం, చలికి జడిసి గరాజు తలుపు తెరవకుండానే స్టార్టు చేయడం. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇంటిని ఆనుకున్న గరాజులోనైతే తలుపు తెరిచి ఉంచినా ఆ వాయువు మెట్ల మీదుగా పడకగదిలోకి పాకగలదు. కారును ఆరుబయటికి తీసి నడపాలి, లేదా ముట్టుకోకుండా వదిలేయాలి. మిత్రుని అడగదలిస్తే రెండు మూడు వారాలకు ఒకసారి అరగంట హైవే మీద తిప్పమని అడగాలి. మన బీమా అతనికి వర్తిస్తుందో లేదో ముందుగా కనుక్కోవాలి. అంత శ్రమ ఇవ్వలేకపోతే, గరాజులో ప్లగ్గు ఉన్నవారు బ్యాటరీని కాపాడే చిన్న ఛార్జరును తగిలించి వెళ్ళవచ్చు. అపార్టుమెంటు వారు బ్యాటరీ నల్లతీగను విప్పి వెళ్ళవచ్చు. కంప్యూటరు చదువు మరచిపోయినా బ్యాటరీ దక్కుతుంది. రిమోటు పనిచేయని కారు తలుపును లోహపు తాళంచెవితో తెరవడం ఎట్లాగో ముందే చూసుకోవాలి.

హైబ్రిడ్లు, విద్యుత్ కార్లు కొన్నవారు ఇది తమకు వర్తించదనుకోవద్దు. ప్రయస్‌లో పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, కంప్యూటర్లను మేల్కొలిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే కారు శవమే. షెవ్రొలే వోల్ట్‌ను రూపొందించినవారు ఏడాది నిలవ ఉన్న పెట్రోలును తనంతట తానే మండించుకునే ఏర్పాటు చేశారు. నిలవ సమస్యను తయారీదారులు ఎంత గంభీరంగా తీసుకున్నారో దీనివల్ల తెలుస్తుంది.

చివరగా మనం పైకి మాట్లాడుకోని కార్లు కొన్ని ఉన్నాయి. 1965 చట్టం తరువాత వచ్చిన మన మొదటి తరంవారు ఇప్పుడు ఎనభైల దరిదాపుల్లో, ఆ పైన ఉన్నారు. రాత్రిళ్ళు నడపడం మానేసినవారు, శనివారం గుడికి మాత్రమే తీసేవారు, పెద్దాయన పోయాక ఆయన కారును అమ్మలేక గరాజులో కప్పి ఉంచిన ఇల్లాళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మైళ్ళు తక్కువ గనుక ఆ కారు "కొత్తది" అని పిల్లలు నమ్ముతారు. కాలేజీకి వెళ్ళే మనుమరాలికి ఇద్దామంటారు. ఇవ్వవచ్చు. కాని ఐదేళ్ళు నిలిచిన కారుకు టైర్లు, బ్యాటరీ, నూనె, బ్రేకు ద్రవం, పెట్రోలు మార్చకుండా ఆ అమ్మాయిని హైవే ఎక్కించడం తగదు. టైరు ప్రక్కన చెక్కిన నాలుగంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆ సంవత్సరం చూడాలి. ఎవరూ నడపని పక్షంలో, అది ఇంకా నడుస్తూండగానే అమ్మడమో దానమివ్వడమో మంచిది. ముందుగా సీటు ఎదుటి అర తెరిచి చూడండి. ఆ తరం పెద్దలలో పెట్రోలు పోయించినప్పుడల్లా తేదీ, మైళ్ళు, గాలన్లు చిన్న పుస్తకంలో వ్రాసుకునే అలవాటు ఉన్నవారు చాలామంది. ఆఖరి వరుసలో ఉన్న తేదీయే ట్యాంకులోని పెట్రోలు వయస్సు.